గాలి కంతల మీది పేర్లు

ఆదివారం ఆరాధనకు వేసుకునే బూట్లకు శనివారం సాయంత్రమే పాలిష్ వేసి పెట్టాలి. అది సంపూర్ణ పని. పాలిష్ కంటే ముందు ఇంకో పని ఉంటుంది. వారం రోజులు మంచం కింద ఉన్న బూట్ల మీద లేత ఆకుపచ్చ రంగు బూజు పొడిపొడిగా పడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే ఎగిరి మొహం మీదికి వస్తుంది కాబట్టి గుడ్డను కిరోసిన్‌లో ముంచి, గట్టిగా పిండి, మడమ నుంచి ముందుకు ఒకే దిక్కుగా తుడవాలి. బూట్లయ్యాక బెల్టు. బెల్టయ్యాక బైబిలు తోలు అట్ట. ఆ తర్వాత అత్తగారి ట్రంకు పెట్టె అడుగు, బీరువా వెనక చెక్క, కూతురు మహిమ బడిసంచి పట్టీలు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు రొట్టె మీద పట్టిన బూజును రికార్డులో ఎంత శ్రద్ధగా గీసిందంటే, ఖమ్మం మహిళా కాలేజీలో లెక్చరర్ ఆ పేజీ క్లాసంతా తిప్పి చూపించింది. అప్పుడు దాని పేరు రాయడం వచ్చినందుకు మార్కులు వేశారు. ఇప్పుడు దాన్ని తుడవడం వచ్చినందుకు ఎవరూ ఏమీ వెయ్యరు. తుడవకపోతే మాత్రం అంటారు.

"ఒక్క ఇల్లు. ఒక్కతే పిల్ల. ఇంకేం పని నీకు?" అని భర్త జయరాజ్ అంటాడు. అరవడు. మిషన్ హైస్కూల్లో లెక్కల సారు, సంఘానికి కార్యదర్శి, ఎవరి మీదా గొంతు లేపే మనిషి కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి పుస్తకం మీద ఎర్ర పెన్నుతో గీత గీసినట్టు అంటాడు, అంతే. మొదట్లో ఆ మాటకు సంపూర్ణ చేసిన పనులన్నీ వరసగా చెప్పేది. తర్వాత్తర్వాత చెప్పడం మానేసింది. ఇప్పుడు ఆ మాట, ఇంటి వెనక టేకు ఆకు రాలిన చప్పుడు, రెండూ ఒకటే.

టేకులపల్లి దాటి, కొత్తగూడెం రోడ్డు దిగి రెండు ఫర్లాంగులు లోపలికి నడిస్తే మిషన్ కాంపౌండ్. చర్చి, బడి, వాటి వెనక పాత బంగళా. ఎప్పుడో ఒక దొరసాని కట్టించుకున్నదట. అడవి నేల చెమ్మకు భయపడి ఇంటిని మూడడుగుల ఎత్తున లేపి, టేకు దూలాల మీద చెక్కలు పరిపించింది. అడుగున మనిషి పాకేంత ఖాళీ. ఆ ఖాళీకి గాలి ఆడాలని పునాది గోడకు ఇటు మూడు, అటు మూడు, చదరంగా కంతలు వదిలిపెట్టింది. కార్యదర్శి పదవితో పాటు ఆ బంగళా కూడా జయరాజ్‌కు వచ్చింది.

రెండేళ్ల కింద సంఘం జూబిలీ జరిగింది. గతించిన పెద్దల పేర్లు రాళ్ల మీద చెక్కించాలని తీర్మానమైంది. చర్చి గోడల మీద చోటు లేదు. అప్పటికే రెండుసార్లు బంగళా కంతల్లోంచి పాములు దూరాయి. జయరాజ్ టేపు పట్టుకుని వెళ్లి కంతలు కొలిచాడు. ఆరు కంతలు, ఆరుగురు పెద్దలు. సరిగ్గా ఆ కొలతకే నల్లరాయి కోయించి, పేర్లు చెక్కించి, ఒక్కో కంతలో ఒక్కో రాయి బిగించి సున్నం కొట్టించాడు. గోడ తవ్వే పని లేదు, పాముల బాధ లేదు. సంఘమంతా ఆ తెలివిని మెచ్చుకుంది. మొదటి రాయి జయరాజ్ తండ్రిది. ‘ఉపదేశి క్రీస్తుదాసు, నమ్మకమైన దాసుడు’. మహిమ పడుకునే గది కిటికీకి సరిగ్గా కింద. సమాధుల పండుగకు జనం స్మశానానికి పోయి వస్తూ ఆ రాళ్ల దగ్గర కూడా కొవ్వొత్తులు పెట్టడం అలవాటు చేసుకున్నారు. మైనం మరకలు గీకడం సంపూర్ణ పనుల్లో చేరింది.

ఆ ఏడు వానలతోనే మహిమకు దగ్గు మొదలైంది. దగ్గు పోయి పిల్లికూతలు వచ్చాయి. ఏడేళ్ల పిల్ల నిద్రలో ఊపిరి తీస్తుంటే దూరంగా ఎవరో ఈల వేస్తున్నట్టు వినపడేది. తులసి రసం, మిరియాల కషాయం, ఛాతీకి వేడి ఆముదం. పెరుగు మాన్పించారు, అరటిపండు మాన్పించారు. అత్తగారు రాహేలమ్మ ఒక మాట కనిపెట్టింది: "నీ చేతుల ఆరిక లేదు సంపూర్ణా. నువ్వు ఉతికిన బట్ట ఆరదు, నువ్వు తుడిచిన ఇల్లు ఆరదు." ఆ మాట నిజమే. బట్టలు ఆరేవి కావు. పరుపు రోజూ మోసుకొచ్చి ఎండలో వేసేది, పొద్దుగూకేముందు మోసుకుపోయేది, తెల్లారేసరికి అది మళ్లీ చల్లగా, బరువుగా ఉండేది. తనకు వాసన తెలియడం ఎప్పుడో పోయింది. ఇంటికి వచ్చినవాళ్లు గడప దాటగానే మాట మధ్యలో ఒక్క క్షణం ఆగేవారు. దాన్ని బట్టి ఈ రోజు ఎంత వాసన ఉందో లెక్క కట్టుకునేది.

శుక్రవారం స్త్రీల సమాజం వాళ్లు మహిమ కోసం ప్రార్థన పెట్టుకుని ఇంటికి వచ్చారు. చాప మీద కూర్చుని, ముక్కుల మీద కొంగులు పెట్టుకుని పాట పాడారు. ప్రార్థన ముందు ఒకావిడ మెల్లగా, మనసులో దాచుకున్న పాపం ఏదన్నా ఉంటే అది పిల్లల మీదికి వస్తుందని, తల్లి ఒప్పుకుంటే పిల్లకు తేలికవుతుందని చెప్పింది. అందరూ సంపూర్ణ వైపు చూశారు. సంపూర్ణ ఏ పని చెప్పినా సరిగ్గా చేసే మనిషి. నిజంగానే వెతికింది. ఎవరి మీదా పగ లేదు. ఎవరి మీదా ఇష్టం కూడా లేదేమో, కానీ అది పాపం లెక్కలోకి వస్తుందో రాదో తెలియలేదు. చివరికి, ప్రసంగం జరిగేటప్పుడు చర్చి కప్పు వాసాలు లెక్కపెడుతున్నానని ఒప్పుకుంది. వాళ్ల మొహాలు చిన్నబోయాయి. మూలన గోడకు ఆనుకున్న ముసలి రూతమ్మ మాత్రం, "ఎన్నున్నయే?" అని అడిగింది.

"ఇరవై రెండు."

"నేను ఇరవై మూడనుకున్న," అంది రూతమ్మ. అప్పుడు ప్రార్థన చేశారు.

శ్రావణంలో కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయింది. జయరాజ్‌కు పరీక్షల పేపర్లు దిద్దే పని ఉండి రాలేదు. డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. పిల్ల ఇల్లు విడిచి ఎక్కడన్నా ఉన్నదా, ఉన్నప్పుడు ఎట్లా ఉన్నది? సంపూర్ణకు అక్క కొడుకు పెళ్లి గుర్తొచ్చింది. తల్లాడలో పది రోజులున్నారు. ఆరుబయట మంచాలు, కొత్త సున్నం వేసిన ఇల్లు. పదిరోజుల్లో ఒక్క ఈల వినపడలేదు. అది అప్పుడే గమనించింది కూడా. రాహేలమ్మ, "తల్లిగారింటికి పోతే తల్లికీ రోగాలుండవ్, పిల్లకూ ఉండవ్" అంటే, కాబోలు అనుకుని ఊరుకుంది.

డాక్టరమ్మ చీటీ రాస్తూనే చెప్పింది. ఇల్లు చెమ్మగా ఉంటే బూజు పెరుగుతుంది, దాని పొడి కంటికి కనపడనంత సన్నగా గాలిలో కలుస్తుంది, పిల్ల పీల్చేది ఆ గాలినే. మందులిస్తాను గానీ, మందు వేసి మళ్లీ ఆ గదిలోనే పడుకోబెడితే లాభం లేదు. చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోమన్నది. సంపూర్ణ తల ఊపింది. బస్సులో తిరిగొస్తుంటే తన మీద తనకు కోపం రావాలని తెలుసు. తాను చదివిన చదువే అది. బూజు విత్తనాలు గాలిలో ఎగురుతాయని బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టింది తానే. కోపం కోసం ఎదురు చూసింది. రాలేదు. కిటికీ పక్కన టేకు చెట్లు వెనక్కి పోయాయి.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో రెండు రోజులకు సక్రి చూపించింది. సక్రి తండా నుంచి వచ్చి బరువు పనుల్లో సాయం చేసి పోతుంది. మహిమ మంచం జరుపుతుంటే కాలు కింద చెక్క తడిసిన అట్టలా వంగింది. ఇద్దరూ కలిసి ఆ చెక్క పైకి లేపారు. సక్రి రెండడుగులు వెనక్కి వేసి కొంగు ముక్కుకు చుట్టుకుంది. సంపూర్ణ బోర్లా పడుకుని టార్చిలైటు లోపలికి పెట్టింది. దూలాల నిండా తెల్లటి దారాలు, ఏకిన దూది పరిచినట్టు, మధ్యమధ్య నల్లగా, పసుపుగా. చెక్కల అడుగున నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి. స్నానాల గది నీళ్లు గోడ పగులులోంచి కిందికి దిగి మడుగు కట్టాయి. టార్చి ఆర్పి చూసింది. పునాదిలో ఆరు చోట్ల వెలుతురు రావాలి. ఎక్కడా సూది మొన అంత వెలుతురు లేదు.

"వడ్లు పోసే గుమ్మికి గూడ అడుగున గాలాడనిస్తం గదమ్మా," అంది సక్రి. "లేకుంటే ముక్కిపోతయ్. మీరు గిందుల మనుషులను పెట్టిండ్రు."

ఆ సాయంత్రం జయరాజ్ బడి నుంచి రాగానే చెక్క లేపి చూపించింది. డాక్టరమ్మ మాటలు క్రమంగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. నీళ్లు కిందికి పోకుండా కాలవ తవ్వాలి, రాళ్లు తీసి కంతలకు ఇనుప జాలీలు పెట్టాలి. పాములూ రావు, గాలీ ఆడుతుంది. జయరాజ్ అంతా విన్నాడు. కాలవ తవ్వుకోమన్నాడు. కాలవ ఎవరికీ అడ్డం కాదు.

"రాళ్ల సంగతి మరిచిపో," అన్నాడు. "ఆరు కుటుంబాలు. ఒక్కొక్కళ్ల ఇంటికి పోయి మీ నాయిన పేరు పీకేస్తున్నమని నేను చెప్పాలె? మా నాయిన పేరు నేనే పీకాలె?"

రాహేలమ్మ కుర్చీలోంచే, పాత రోజుల్లో దొరసాని కూడా దగ్గేదని, అప్పుడు కంతలు తెరిచే ఉండేవని అంది. కాసేపాగి ఒక దారి చూపించింది. "పిల్లకు ఈ ఇల్లు పడకపోతే మీ అక్క దగ్గర తల్లాడల ఉంచు. ఆడ బడి లేదా ఏంది?"

జయరాజ్ అది మంచి ఆలోచనే అన్నట్టు తల ఊపాడు. వాళ్లిద్దరూ ఆ విషయం అక్కడికి తెగిపోయినట్టు చాయ్ తాగారు. సంపూర్ణ నిలబడి ఆ మాటను మనసులో ఒకసారి తిరగేసి చూసుకుంది. రాయి ఉంటుంది, పిల్ల పోతుంది. ఎటునుంచి చూసినా అంతే. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

సక్రీ తానూ కలిసి మూడు రోజులు కాలవ తవ్వారు. జయరాజ్ మేస్త్రిని పిలిచి మెత్తబడ్డ చెక్క మార్పించి, ఆ గది నిండా ఆకుపచ్చ ప్లాస్టిక్ షీటు పరిపించాడు. చూడటానికి ఆసుపత్రి గదిలా శుభ్రంగా ఉంది. వాసన తగ్గిందని రాహేలమ్మ అంది. పదిహేను రోజులకు షీటు అంచుల్లోంచి నల్లటి చెమ్మ గోడ మీదికి పాకింది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం వాన కురుస్తుంటే మహిమ బడి నుంచి జల్దీ వచ్చి పడుకుంది. సంపూర్ణ బియ్యం ఏరుతోంది. ఈల వినపడుతూ వినపడుతూ ఆగిపోయింది. తగ్గిందనుకుంది. చేట దించి వెళ్లి చూస్తే, తగ్గలేదు. ఈల వెయ్యడానికి కూడా గాలి పోవడం లేదు. పిల్ల మోకాళ్ల మీద చేతులానించి, భుజాలు పైకి లేపి, తల్లి వైపు చూస్తోంది. పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఆటోలో కొత్తగూడెం దాకా సంపూర్ణ పిల్ల మొహానికి అట్టముక్కతో విసురుతూనే ఉంది. దవాఖానాలో మొహానికి మాస్కు బిగించి, మందు పొగ పీల్పించారు. గంటన్నరకు పెదవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ కోప్పడలేదు. ఇంకోసారి ఇట్లా అయ్యి, వచ్చేసరికి పావుగంట ఆలస్యమైతే తానేమీ చెప్పలేనని మాత్రం అంది. ఆ మాట కూడా సంపూర్ణ లోపలికి ఎక్కడికీ పోకుండా పైనే నిలబడింది. పిల్లను అట్నుంచి అటే తల్లాడ తీసుకుపోయి అక్క దగ్గర దింపింది. "ఎన్ని రోజులమ్మా?" అని మహిమ అడిగింది. "వారం," అంది. నోటికి వచ్చింది అనేసింది గానీ, అన్నాక అది మాట ఇచ్చినట్టయింది.

తిరిగొచ్చిన మర్నాటి నుంచి, వంటయ్యాక, చెప్పులేసుకుని, రాళ్ల మీద పేర్లున్న ఇళ్లకు ఒక్కొక్కటికీ పోయింది. మగవాళ్లు పనులకు పోయే పూటే పోయింది. ఏడవలేదు, బతిమాలలేదు. మా ఇంటి కింద గాలాడక పిల్లకు ఊపిరి అందడం లేదు, మీ పెద్దాయన రాయి తీసి వరండా గోడకు పెడతాను, మీరేమంటారు అని అడిగింది. ఈ విషయంలో తమను ఒకరు అడుగుతారని ఆ ఆడవాళ్లెవరూ ఎన్నడూ అనుకోలేదు. ఒకామెకు ఆ రాయి ఎటు దిక్కున ఉందో కూడా గుర్తులేదు. ఒకామె, వరండాలో అయితే వాన పడకుండా ఉంటుంది, ఇంకా నయమే కదా అంది. ఇంకొకామె తన కోడలిని పిలిచి, నువ్వేమంటవే అని అడిగింది. ఆ కోడలు అదాటున అత్త మొహంలోకి చూసింది. ఆఖరున రూతమ్మ ఇల్లు. రూతమ్మ చింతపండు గింజలు తీస్తూ అంతా విని, చేతులు దులుపుకుంది.

"ఆయన బతికున్న నలభై ఏండ్లు నాకే గాలాడనియ్యలే. సచ్చినంక నీ బిడ్డకు గూడ అడ్డమొచ్చిండా? తీసెయ్యవ్వా."

ఐదు ఇళ్లు అయ్యాయి, ఎవరూ వద్దనలేదు. ఆరోది తన ఇల్లే. రాహేలమ్మను అడిగితే, "నన్నెందుకడుగుతవ్? వాన్నడుగు," అంది. జయరాజ్‌ను అడిగితే, ఐదిళ్లు తిరిగిందన్న సంగతికే అతని మొహం నల్లబడింది. తన పరువు వీధివీధికీ పంచి వచ్చావన్నాడు. పిల్ల తల్లాడలో బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకీ పంతం అన్నాడు. సంపూర్ణ, "అవ్" అంది. తొమ్మిదేళ్లుగా అతను ఆ అవ్‌ను సరేనని అర్థం చేసుకుంటున్నాడు. ఇప్పుడూ అట్లాగే చేసుకున్నాడు.

ఆదివారం చర్చి గంట కొట్టాక సంపూర్ణ పోలేదు. ఒంట్లో బాగాలేదంది. జయరాజ్ వెళ్లాడు. రాహేలమ్మ మోకాళ్ల నొప్పితో వరండా కుర్చీలో ఉండిపోయింది. సక్రి గడ్డపారతో పాటు కంతలకు కొట్టే ఇనుప జాలీ కూడా తెచ్చింది. మొదటి పాట మొదలయ్యేసరికి మొదటి రాయి కదిలింది. తేమకు సున్నం మెత్తబడి ఉంది, పెద్ద కష్టం కాలేదు. రాయి వచ్చినప్పుడల్లా సంపూర్ణ దాన్ని తడిగుడ్డతో తుడిచి, అక్షరాల్లో మట్టి పుల్లతో తీసి, వరండా గోడకు పేరు కనపడేటట్టు ఆనించింది. ఐదు రాళ్లు అయ్యేసరికి లోపల ప్రసంగం నడుస్తోంది.

చివరికి మిగిలిన క్రీస్తుదాసు రాయి దగ్గరికి వచ్చినప్పుడు రాహేలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అది ముట్టకు."

"మీ కుర్చీ పక్కనే పెడ్త అత్తమ్మ. నీడకుంటది."

"వాడు నిన్ను ఇంట్ల ఉండనియ్యడు."

"అవ్ అత్తమ్మ," అంది సంపూర్ణ.

గడ్డపార మొన సందులో పెట్టి, ఒంటి బరువంతా వేసింది. రాయి కొంచెం వంగి, ఆగి, సక్రి చేతుల్లోకి వచ్చేసింది. లోపలి నుంచి చల్లటి గాలి ఒక్కసారిగా బయటికి వచ్చి వరండా దాకా పోయింది. రాహేలమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. కుర్చీలో కూర్చుంది. తర్వాత చాలాసేపు ఆ కంత వైపు చూసింది. ఆ చీకట్లోకి అటు గోడ కంతల్లోంచి మూడు వెలుతురు చదరాలు పడ్డాయి. ఆ రాయి తన కుర్చీ పక్కన పెడుతుంటే, రాహేలమ్మ కాలు కొంచెం వెనక్కి తీసుకుని చోటిచ్చింది.

ఆరాధన ముగిసింది. జనం బయటికొచ్చి బంగళా వైపు చూశారు. మగవాళ్లు కొందరు దగ్గరికి వచ్చి రాళ్లు లెక్కపెట్టారు. వాళ్ల ఆడవాళ్లు నేల చూస్తున్నారు, ఒకరిద్దరు మాత్రం తలెత్తే నిలబడ్డారు. రూతమ్మ వచ్చి తన పెనిమిటి పేరు వెతుక్కుని దాని పక్కన మెట్టు మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. జయరాజ్ అందర్నీ దాటుకుని వచ్చాడు. అందరి ముందూ గొంతు లేపడం అతనికి రాదు. దగ్గరికి వచ్చి, పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"రేపు మేస్త్రిని పిలుస్త. ఎక్కడియి అక్కడ పెట్టిస్త."

సంపూర్ణ చేతులకంటిన సున్నం కొంగుకు తుడుచుకుంది. "పెట్టియ్యండి," అంది. "ఎల్లుండి తీస్త."

"మళ్ల పెట్టిస్త."

"మళ్ల తీస్త."

ఆ గొంతులో కోపం ఉంటే సర్దిచెప్పడానికి, ఏడుపు ఉంటే ఓదార్చడానికి జయరాజ్ దగ్గర మాటలున్నాయి. అతను రెండింటికోసమూ ఆమె మొహంలో వెతికాడు. ఆమె అతని వెనక ఉన్న జనం వైపు కూడా చూడటం లేదు. రోడ్డు వైపు, తల్లాడ బస్సు ఎన్నింటికో ఆలోచిస్తున్నట్టు చూస్తోంది.

"బుధారానికి వారమైతది, మహిమను తోల్కస్త," అంది, అన్నం వడ్డించమంటారా అని అడిగే గొంతుతో. "ఆ పొద్దు నుంచి రాళ్లు బయటనే ఉండాలె."